ఎర్రమట్టి దగ్గర ఆగే చెయ్యి

ప్రాక్టికల్ పరీక్ష మొదలై గంట దాటింది. హాల్లో మాటా పలుకూ లేదు. తడిమట్టి వేళ్ళ మధ్య నలిగే చప్పుడొక్కటే వినిపిస్తోంది. వరసల మధ్య తిరిగి తిరిగి కాళ్ళు లాగేసి, ప్రొఫెసర్ లాస్య కిటికీ పక్కనున్న కుర్చీలో కూలబడింది. ముప్ఫై ఏళ్ళుగా ఇదే హాలు, ఇదే నడుంనొప్పి. ఏటేటా పిల్లలు మారతారు. వాళ్ళ చేతులు మాత్రం మారవు.

మారకపోవడానికి కారణముంది. అవన్నీ లాస్య చేతులే.

కంభంపాడు వ్యవసాయ విశ్వవిద్యాలయంలో మృత్తికాశాస్త్రం చదివే పిల్లలందరూ రెండో ఏట నేర్పుతొడుగు తొడుక్కుంటారు. చర్మం రంగులో పల్చటి చేతొడుగు అది. దాని లోపల హస్తస్మృతి ఉంటుంది. ఒక నిపుణురాలి చెయ్యి మట్టిని ఎలా పట్టుకుంది, ఎంత నలిపింది, ఎక్కడ నొక్కింది, ఎప్పుడు వదిలింది అన్న జ్ఞాపకమంతా అందులో నిక్షిప్తమై ఉంటుంది. పలకమీద పసివాడి చెయ్యి పట్టుకుని అక్షరాలు దిద్దించినట్టు, తొడుగు ఆ వేళ్ళని పట్టుకుని మట్టిలో ఆడిస్తుంది. ఆరు నెలలు తిరిగేసరికి తొడుగు తీసేసినా చెయ్యి ఆ దారినే పోతుంది. వెనకటి రోజుల్లో పాతికేళ్ళు పొలాల వెంట తిరిగితే గాని అబ్బని నేర్పు ఇప్పుడు ఒక్క సెమిస్టర్లో వచ్చేస్తోంది.

అంతకు ముందు ప్రభుత్వం పొలాల నిండా నేలకళ్ళు పాతించింది. మట్టిలో తేమెంత, బంకెంత, ఇసుకెంత అని అవే చూసి చెబుతాయని అప్పట్లో ఊదరగొట్టారు. నల్లరేగడి ఊరుకుంటుందా? ఎండాకాలం చెయ్యి దూరేటంత నెర్రెలిచ్చి తీగలన్నీ తెంపేసింది. వానాకాలం ఉబ్బి మిగిలినవాటిని మింగేసింది. ఏటా పాతడం, ఏటా తవ్వి తీయడం. చివరికి కాలువల బోర్డు వాళ్ళు విసిగిపోయి, "మనిషి చెయ్యే నయం బాబూ" అని దణ్ణం పెట్టేశారు. ఇప్పుడు ప్రతి కాలువకీ ఒక నేలచూపరి ఉంటాడు. చేత్తో మట్టి నలిపి, ఇది ఫలానా నేల అని అతను చెప్పిన మాట మీదే ఆ పొలానికి ఎన్ని తడులు ఇవ్వాలో తేలుతుంది. ఆ ఉద్యోగానికి ఈ పరీక్ష నెగ్గాలి.

గంట మోగింది. పిల్లలందరూ ఆఖరి పళ్ళెం ముందుకు లాక్కున్నారు. అది ఎర్రమట్టి.

లాస్య తల తిప్పుకుని కిటికీలోంచి బయటికి చూసింది. ఎప్పుడూ అంతే. చూడకపోయినా అక్కడ ఏం జరుగుతుందో ఆమెకి తెలుసు. పిల్లలు గుప్పెడు మట్టి తీసుకుంటారు. నాలుగు చుక్కల నీళ్ళు పోసి మెదుపుతారు. అంతలో హాల్లో ఉన్న చేతులన్నీ ఒక్కసారిగా ఆగిపోతాయి. గుప్పిళ్ళు మెల్లిగా మూసుకుంటాయి. కాసేపు అలాగే ఉండి, మెల్లిగా తెరుచుకుంటాయి. మట్టి పళ్ళెంలో రాలుతుంది. ఆ తర్వాత మళ్ళీ తీసుకుని, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టీలా సాగదీసి చూస్తారు.

దీనికి పాఠ్యపుస్తకంలో ఒక పేరుంది. 'ఎర్రవిరామం' అంటారు. ఎర్రనేలలోని ఇనుపరేణువులు అరచేతి వేడికి సర్దుకోవడానికి పట్టే వ్యవధి అని వివరణ కూడా ఉంది. ఎద్దు ఈనిందంటే దూడని కట్టెయ్యమన్నట్టు, ఆ వివరణ మీద ఒకాయన డాక్టరేటు కూడా తీసుకున్నాడు. ఆయన ఇప్పుడు డీన్.

బీప్ మని శబ్దం వచ్చింది. లాస్య ఉలిక్కిపడి ఇటు తిరిగింది. మూడో వరసలో ఒక బల్లమీద పోలికయంత్రం ఎర్రదీపం వెలిగించింది. విద్యార్థి చేతి కదలికలు హస్తస్మృతితో సరిపోలుతున్నాయో లేదో చూడటమే ఆ యంత్రం పని. అక్కడ కూర్చున్న అమ్మాయి పేరు మాణిక్యం. ఈ తరం పిల్లలకి తాతమ్మల పేర్లు పెట్టడం మళ్ళీ మోజైంది; లాస్య, హన్సిక లాంటి పేర్లు వింటే ముసలివాళ్ళ పేర్లని నవ్వుకుంటున్నారు.

మాణిక్యం దీపం వైపు చూడనైనా లేదు. ఆమె చెయ్యి ఎక్కడా ఆగలేదు. చకచకా నలిపి, పట్టీ లాగి, అది తెగిపోయాక "ఇసుక గరప", అంటే ఇసుక పాలెక్కువున్న నేల, అని తెర మీద నొక్కింది. సమాధానం సరైనదే. అయినా యంత్రం 'అనుత్తీర్ణం' అని చూపించింది.

హాలు ఖాళీ అయ్యాక ఆ పిల్ల లాస్య ముందుకొచ్చి నిలబడింది.

"మేడమ్, నేను చెప్పింది తప్పా?"

"కాదు. సరిగ్గానే చెప్పావు."

"మరి ఫెయిలెందుకు?"

"చెయ్యి ఆగలేదు కదమ్మా."

"ఆ పాఠం నడిచినప్పుడు నాకు ఆటలమ్మ పోసింది మేడమ్. ఇంటికి పంపించేశారు. ఒళ్ళు కుదుటపడ్డాక మా చేలోనే నలిపి నలిపి నేర్చుకున్నాను. తొడుగు లేకుండా."

"అయ్యో, అప్పుడే చెప్పాల్సింది."

"చెప్పాను. తర్వాత చేసుకోమన్నారు. ఆ తర్వాత తొడుగులు ఖాళీ లేవన్నారు." మాణిక్యం గొంతులో కోపం లేదు, అడిగి అడిగి అలిసిపోయిన నీరసం ఉంది. "పోనీ, ఆ విరామంలో ఏం తెలుస్తుందో అదైనా చెప్పండి మేడమ్, నేర్చుకుంటాను. వేడి మట్టితో చూశాను, చల్లారిన మట్టితో చూశాను. ఆగినా ఆగకపోయినా ఫలితం ఒకటే. ఇనుమూ లేదు, గినుమూ లేదు. అది మీ చెయ్యే కదా. ఆగినప్పుడు మీకేం తెలిసింది?"

ఇరవై ఏళ్ళలో ఈ ప్రశ్న అడిగినవాళ్ళు లేరు. అందరూ పుస్తకంలో ఉన్నది బట్టీ పట్టి రాశారు.

"మా గదిలో ఉండే పద్మావతికైతే తొడుగేసుకుని ఎర్రమట్టి ముట్టుకున్నప్పుడల్లా ఏడుపొస్తుందంట మేడమ్. ఎందుకో దానికే తెలీదు."

"నాకు ఓపిక లేదమ్మా ఇవాళ. వెళ్ళు," అంది లాస్య.

మాణిక్యం కదల్లేదు. "మా కాలువ పోస్టు నాకు రాసిపెట్టారు మేడమ్. ఇప్పుడున్న నేలచూపరి పెద్దాయన వచ్చే నెల దిగిపోతున్నాడు. పట్టా లేకపోతే ఇంకెవరినో వేస్తారు. ఒకసారి వేస్తే వాళ్ళు ముసలివాళ్ళయ్యేదాకా ఉంటారు." చెప్పాల్సింది చెప్పేసి, సంచి భుజాన వేసుకుని వెళ్ళిపోయింది.

లాస్య చాలాసేపు ఆ ఖాళీ హాల్లోనే కూర్చుంది. పళ్ళేల్లో ఎర్రమట్టి ఆరిపోతోంది. ముట్టుకోలేదు. ఇరవై ఏళ్ళయింది ఆమె ఎర్రమట్టి ముట్టుకుని. ముట్టుకోవాల్సిన అవసరమూ రాలేదు. పిల్లలకి తొడుగులే నేర్పాయి. ఆమె నల్లబల్ల ముందు నిలబడి పాఠాలు చెప్పింది.

హస్తస్మృతి రికార్డు చేసిన ఏడు ఆమెకి ముప్ఫై ఎనిమిది. అప్పట్లో ఆమె చెయ్యి చెప్పినదాన్ని ప్రయోగశాల ఎన్నడూ కాదనలేదు. అందుకని ఆమెనే ఎంచారు. ఆ రికార్డింగుకి కొద్ది రోజుల ముందే కొడుకు పోయాడు. నాలుగేళ్ళవాడు. పేరు వీరయ్య. పాత పేర్ల మోజు అప్పుడప్పుడే మొదలైంది. ముత్తాత పేరు పెట్టుకున్నారు. అంత చిన్నవాడికి అంత పెద్ద పేరేంటని అందరూ నవ్వేవాళ్ళు. జ్వరం వచ్చింది. తగ్గిందన్నారు, మళ్ళీ వచ్చింది. అంతే.

పసివాళ్ళని కాల్చరు, పూడుస్తారు. అత్తగారి ఊరి చివర ఎర్రగుట్ట దగ్గరికి తీసుకెళ్ళారు. లాస్య కూడా లేచి చెప్పులేసుకుంది. మావగారు గుమ్మానికి అడ్డం నిలబడి, "ఆడవాళ్ళు రాకూడదమ్మా. నా మాట విను," అన్నాడు. మంచిమనిషే. కళ్ళనీళ్ళు పెట్టుకునే అన్నాడు. నలుగురు ఆడవాళ్ళు పట్టుకుని కూర్చోబెట్టారు. మగవాళ్ళు వెళ్ళారు, తలా మూడు గుప్పెళ్ళ మట్టి వేశారు, స్నానాలు చేసి వచ్చారు. భర్త నిహాల్ గోళ్ళ సందున ఇంకా ఎర్రమట్టి ఉండటం లాస్య చూసింది. మట్టినే చదువుకున్న మనిషి, బిడ్డ మీద గుప్పెడు మట్టి వెయ్యలేకపోయింది.

రికార్డింగు వాయిదా వేద్దామన్నారు. ఇంట్లో కూర్చుంటే పిచ్చెక్కుతుందని ఆమే వద్దంది. నల్లమట్టి అయింది, ఒండ్రు అయింది, చౌడు అయింది. ఎర్రమట్టి పళ్ళెం ముందు పెట్టారు. మెదుపుతున్న చెయ్యి దానంతటది ఆగిపోయింది. గుప్పిలి మూసుకుంది. మెల్లిగా తెరుచుకుంది. యంత్రం ముందు కూర్చున్న కుర్రాడు, "ఇంకోసారి చేద్దామా మేడమ్?" అనడిగాడు. "నావల్ల కాదు బాబూ," అంది. పెద్దావిడ పద్ధతి అదేనేమో అనుకుని వాడు అలాగే ఉంచేశాడు.

సాయంత్రం ఇంటికెళ్ళేసరికి నిహాల్ వరండాలో కూర్చుని టీ తాగుతున్నాడు. లాస్య పక్కన కూర్చుంది. ఇద్దరికీ ఈ మధ్య మాటలు తక్కువ. గొడవేమీ లేదు, ఇల్లు అలా నడవడం అలవాటైపోయింది, అంతే.

"ఆ రోజు గుట్ట దగ్గర ఎలా వేశావు మట్టి?" అనడిగింది ఉన్నట్టుండి.

నిహాల్ కప్పు కింద పెట్టాడు. ఏ రోజని అడగలేదు. "అందరం వేశాం. మూడేసి గుప్పెళ్ళు. నాన్న, నేను, బాబాయి." తన చేతులు చూసుకుంటూ, "అందరూ వెనక్కి తిరిగాక నేను మళ్ళీ వెళ్ళాను. నీ పేరు చెప్పి ఒక గుప్పెడు వేశాను. మీ అమ్మ వేసిందిరా అన్నాను వాడితో," అన్నాడు.

లాస్య అతని వైపు తిరిగి చూసింది. "ఇన్నేళ్ళూ చెప్పలేదే?"

"చెప్తే ఏడుస్తావని."

"ఏడిస్తే ఏడ్చేదాన్ని కదా నిహాల్! అప్పుడే ఏడ్చి ఊరుకునేదాన్ని." ఆమెకి కోపం వచ్చింది. "నీకు తెలుసా? నా దగ్గర చదివిన వాళ్ళందరూ వాడికి మట్టి వేస్తున్నారు. ఏ కాలువ గట్టునైనా, ఏ చేలోనైనా, ఎర్రమట్టి ముట్టుకున్న ప్రతివాడూ. వాళ్ళకి తెలీదు, అంతే."

నిహాల్‌కి ముందు అర్థం కాలేదు. ఆమె మొదట్నించీ చెప్పింది. అంతా విని ముఖం తుడుచుకున్నాడు.

"మరి ఆ పిల్ల?" అన్నాడు చివరికి.

"అదే కదా. నోరు మూసుకుంటే ఆ పిల్ల బతుకు పోతుంది. నోరు తెరిస్తే ఆ విరామం తప్పని తేలి అన్ని తొడుగుల్లోంచీ తీసేస్తారు. ఫొటోల్లో తప్ప వాడింకెక్కడున్నాడు చెప్పు? ఆ చేతుల్లోనే ఉన్నాడు."

నిహాల్ టీ చల్లారిపోయిందని లోపలికెళ్ళి మళ్ళీ పెట్టుకొచ్చాడు.

మర్నాడు లాస్య డీన్ రేయాన్ష్ గదికి వెళ్ళింది. ఆయన పోలికయంత్రాల కొత్త నమూనా చూసుకుంటున్నాడు. కుర్చీ చూపించి, "చెప్పండి మేడమ్," అన్నాడు.

"ఎర్రవిరామం తప్పండీ. తీసేయించండి. మాణిక్యం అనే పిల్లని పాస్ చేయండి."

రేయాన్ష్ నవ్వబోయి ఆగాడు. "మేడమ్, నా డాక్టరేటు దాని మీదే."

"తెలుసు. పరీక్షకురాలిని నేనే."

"మీరే కదా సంతకం పెట్టింది! బాగుందన్నారు కూడా!"

"ఇనుపరేణువుల లెక్కలు బాగా వేశారు. అందుకని బాగుందన్నాను. మిగతాది చెప్పడానికి అప్పుడు నాకు నోరు రాలేదు." లాస్య తన కుడిచేతిని బల్లమీద పెట్టి చూసుకుంది. "అది మట్టి చూసే చెయ్యి కాదు రేయాన్ష్ గారూ. మట్టి వేసే చెయ్యి. రికార్డింగుకి ముందే మా బాబు పోయాడు. నన్ను గుట్ట దగ్గరికి రానివ్వలేదు."

ఆయనకి అర్థమవడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక తలొంచుకున్నాడు. తన కుడిచెయ్యి ఎప్పుడు గుప్పిలి మూసిందో ఆయనకే తెలీదు. ఆయన కూడా మొదటి బ్యాచ్ తొడుగు మీదే నేర్చుకున్నాడు.

"మా ఇంటి పెరట్లో గులాబీలకి ఎర్రమట్టి పోశాను మేడమ్ పోయిన వారం," అన్నాడు నెమ్మదిగా. "చెయ్యి ఆగింది. ఎందుకో మనసంతా అదోలా అయిపోయింది. వయసు మీద పడిందనుకున్నాను."

లాస్య చెయ్యి బల్లమీంచి తీసుకుంది.

"తీసేస్తే కొత్త బ్యాచ్ నుంచి ఎవరి చేతుల్లోనూ ఉండదు. పట్టాలు తీసుకున్న వాళ్ళకి కూడా సవరణ పాఠం పంపాలి. ఏడాది తిరిగేసరికి పూర్తిగా పోతుంది," అన్నాడు రేయాన్ష్. "ఫర్వాలేదా మీకు?"

"ఫర్వా ఉంది. చాలా ఉంది. కానీ ఏం చేస్తాం? ఆ పిల్ల తప్పు లేదు కదా."

"ఎర్రమట్టి పాఠం మళ్ళీ రికార్డు చేయాలి. వేరేవాళ్ళ చేత చేయించమంటారా?"

"వేరేవాళ్ళెవరండీ, అందరివీ నా చేతులే కదా!" అంది లాస్య. చాలా రోజుల తర్వాత ఆమెకి నవ్వొచ్చింది, అదీ నీరసంగానే. "నేనే చేస్తాను."

మాణిక్యానికి పట్టా వచ్చింది. నోటీసు బోర్డులో 'సాంకేతిక సవరణ' అని ఒక్క వాక్యం రాశారు, అంతే. డీన్ తన సిద్ధాంత గ్రంథాన్ని లైబ్రరీ అరలోంచి తనే తీయించేశాడని, అడిగినవాళ్ళకి చెదలు పట్టిందని చెప్పాడని తర్వాత తెలిసింది.

తొలకరి పడిన వారానికి రికార్డింగు పెట్టారు. అదే గది. యంత్రాలు మారాయి, యంత్రం ముందు కుర్రాడు మారాడు. లాస్య చేతికి సన్నటి తీగల వల చుట్టి, ఎర్రమట్టి పళ్ళెం ముందు పెట్టారు.

ఆమెకి భయమేసింది. ఆగుతుంది, మళ్ళీ ఆగుతుంది, మళ్ళీ ఈ పిల్లాడు ఇంకోసారి చేద్దామా అంటాడు, ఎన్నిసార్లు చేసినా ఆగుతూనే ఉంటుంది అనుకుంది. కళ్ళు మూసుకుని గుప్పెడు తీసుకుంది. నీళ్ళు పోసింది. మెదిపింది.

చెయ్యి ఆగలేదు.

ఇసుక గరగర వేళ్ళకి తగిలింది, జిగురు తగిలింది. బొటనవేలు దాని పని అది చేసుకుపోయింది. పట్టీ కొంచెం సాగి తెగింది. "ఇసుక గరప," అని ఆమె నోరు చెప్పింది. "పర్ఫెక్ట్ మేడమ్, ఒక్కసారికే అయిపోయింది," అన్నాడు కుర్రాడు సంతోషంగా.

లాస్య కళ్ళు తెరిచి చేతిని చూసుకుంది. ఇంకొక గుప్పెడు తీసుకుంది, ఎవరూ అడగకుండానే. వేళ్ళని తనే మూసి, తనే తెరిచింది. అది మామూలు మట్టి. రాలిపోయింది. ఇన్నేళ్ళూ మోసిన బరువు ఎప్పుడు దిగిందో ఆమెకి తెలియలేదు. దిగిందన్న నెమ్మది కూడా కలగలేదు. కొడుకు రెండోసారి చెయ్యి జారిపోయినట్టనిపించింది.

బయటికొచ్చేసరికి వాన వెలిసి ఉంది. ప్రయోగక్షేత్రంలో ఎర్రమడి దగ్గర రెండో సంవత్సరం పిల్లలు వరసగా గొంతుక్కూర్చున్నారు. పాత తొడుగు మీద నేర్చుకున్న ఆఖరి బ్యాచ్ అది. సవరణ పాఠం వాళ్ళకి వచ్చే వారం. గట్టు మీద మాణిక్యం నిలబడి ఉంది. ఊరికెళ్ళిపోతూ చెప్పి పోదామని వచ్చిందట. డీన్ ఆఫీసు ద్వారా సంగతంతా ఆమెకి చేరినట్టుంది. ముఖం చూస్తేనే తెలుస్తోంది.

"రికార్డింగు అయిపోయిందా మేడమ్?"

"అయిపోయిందమ్మా."

"ఆగిందా?"

"లేదు."

మాణిక్యం, "మంచిదే కదా మేడమ్," అంది.

"మంచిదే," అంది లాస్య. ఆ మాట అంటూనే ఆమెకి ఏడుపొచ్చింది. ఇరవై ఏళ్ళ కింద నలుగురు ఆడవాళ్ళు పట్టుకుని కూర్చోబెట్టిన రోజు రాని ఏడుపు. మాణిక్యం సంచి కింద పడేసి ఆమె భుజం పట్టుకుంది.

ఎర్రమడిలో మాస్టారు ఈల వేశాడు. పిల్లలు మట్టి తీసుకుని మెదిపారు. మెదుపుతున్న చేతులన్నీ ఒక్కసారిగా ఆగాయి. గుప్పిళ్ళు మూసుకున్నాయి. లాస్య ఈసారి తల తిప్పుకోలేదు. ఏ చేతిలోంచి ఎంత మట్టి రాలుతుందో కళ్ళు తుడుచుకుంటూ చూసింది. పీరియడ్ అయ్యేదాకా గట్టు దిగలేదు. మాణిక్యం ఎక్కాల్సిన బస్సు వెళ్ళిపోయింది. ఆ పిల్ల కూడా కదల్లేదు.